ఇరవై వేల పరపతి

తెలుగులో క్రెడిట్‌కి రెండు మాటలున్నాయి: అప్పు, పరపతి. మండల కేంద్రాల్లో రంగు వెలిసిన బోర్డుల మీద ‘ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం’ అని మీరూ చదివే ఉంటారు. అక్కడ పరపతి అంటే అప్పే. బోర్డు దాటి రచ్చబండ దగ్గరికొస్తే అర్థం మారిపోతుంది. ‘ఆయనకి మంచి పరపతి ఉంది’ అంటే పలుకుబడి ఉందని, ఆయన మాట చెల్లుతుందని. ఒకే మాట ఒకచోట మనిషి తీసుకున్న డబ్బు, ఇంకోచోట మనిషికున్న విలువ. లేనివాడు చేస్తే అప్పు, ఉన్నవాడికి ఉంటే పరపతి అని భాష ఎప్పుడో తేల్చేసినట్టుంది.

ఈ రెండర్థాలూ ఇప్పుడు ఒక అంకెలో కలిసిపోయాయి. మొదటి ఉద్యోగంలో చేరినవాళ్లకి ఇరవై వేల లిమిట్‌తో ఒక క్రెడిట్ కార్డు వస్తుంది. ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పే హద్దు అది, అంతే అనుకుంటాం. కొన్నాళ్లు పోయాక అది మన మీద ఎంత నమ్మకముందో చెప్పే తూకంలా కనిపించడం మొదలవుతుంది. పక్క సీట్లో వాళ్లకి మూడు లక్షలు, మనకి ఇరవై వేలు. ఆ అంకె నిజంగా మన గురించి ఏమైనా చెబుతోందా? ఒక మనిషి నమ్మదగినవాడా కాదా అన్నది అలా కొలిస్తే తెలిసే సంగతేనా?

ముందు లెక్క చూద్దాం. ఇద్దరు మనుషులు. ఒకరి లిమిట్ 20,000. నెలలో 15,000 వాడారు, గడువులోగా పైసాతో సహా కట్టేశారు. ఇంకొకరి లిమిట్ 5,00,000. 60,000 వాడారు, వాళ్లూ కట్టేశారు. మొదటివారి వాడకం 75 శాతం, రెండోవారిది 12 శాతం. వాడకం 30 శాతం లోపు ఉంచుకోండి, అది దాటితే స్కోరు దెబ్బతింటుంది అని అందరూ చెప్పే సలహా. అంటే నాలుగు రెట్లు ఎక్కువ ఖర్చు పెట్టిన మనిషి నిగ్రహం ఉన్నవాడు, ఉప్పూపప్పుకీ బస్సు టికెట్టుకీ ఫోన్ రీచార్జికీ వాడుకున్న మనిషి ఆబగా ఉన్నవాడు అయ్యారు. ఇక్కడ నిగ్రహం అని మనం పిలుస్తున్నది హారంలో ఉన్న అంకె. లవం ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు, హారం మాత్రం జీతాన్ని బట్టి బ్యాంకు ఇస్తుంది.

ఇంకా విచిత్రం ఎఫ్.డి. మీద ఇచ్చే కార్డు. జీతం స్లిప్పు లేనివాళ్లు, పాత రికార్డు లేనివాళ్లు, బ్యాంకులో ఇరవై వేలు డిపాజిట్ వేసి దాని మీద కార్డు తీసుకుంటారు. కట్టకపోతే బ్యాంకు ఆ డిపాజిట్‌లోంచి తీసుకుంటుంది. బ్యాంకు డబ్బుకి ప్రమాదమేమీ లేదు. అయినా ఆ కార్డులో 15,000 వాడితే స్కోరు లెక్కలో అది 75 శాతమే. తన డబ్బు తాకట్టు పెట్టి తన డబ్బే వాడుకుంటున్న మనిషి కూడా అప్పు కోసం ఆవురావురుమంటున్నట్టు కనిపిస్తాడు.

నా ఉద్యోగంలో సర్వర్లు చూసుకోవాలి. డిస్క్ 80 శాతం నిండితే అలర్ట్ వస్తుంది. చిన్న డిస్క్ ఉన్న సర్వర్ రోజూ మోగుతూనే ఉంటుంది, పెద్దది ఆర్నెల్లకోసారి కూడా మోగదు. చిన్న సర్వర్‌కి క్రమశిక్షణ లేదని ఆఫీసులో ఎవరూ అనరు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే మోతని గుణం కింద చదువుతాం.

తక్కువ లిమిట్‌తో బతికేవాళ్లు దీనికో పద్ధతి కనిపెట్టుకున్నారు. బిల్లు వచ్చేదాకా ఆగరు. ఐదు వేలు వాడగానే కట్టేస్తారు, లిమిట్ మళ్లీ నిండుతుంది, మళ్లీ వాడతారు. నెలకి మూడుసార్లు. యూపీఐలో కడితే లిమిట్ త్వరగానే తిరిగొస్తుంది. కొన్నది వాపసు చేస్తే ఆ డబ్బు రావడానికి రోజులు పడుతుంది. హోటల్లో అడ్వాన్సుగా బ్లాక్ చేసింది బిల్లులో ఎక్కకపోయినా లిమిట్‌ని తినేస్తుంది. స్టేట్‌మెంట్ తేదీ వేరు, కట్టాల్సిన గడువు తేదీ వేరు అన్న సంగతి ఐదు లక్షల లిమిట్ ఉన్నవాళ్లకి తెలియకపోయినా నడుస్తుంది. ఇరవై వేల వాళ్లకి ఈ తేదీలన్నీ నోటికొచ్చు. మా తాతల కాలంలో కార్తెలు నోటికొచ్చినట్టు. బ్యాంకులు క్రెడిట్ బ్యూరోలకి నెలకోసారి పంపే లెక్కని 2025 జనవరి 1 నుంచి పదిహేను రోజులకోసారి పంపాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. అంటే ఆ రోజులకి బాకీ తక్కువ కనిపించేలా చూసుకునేవాళ్లకి నెలకి ఒకటి కాదు, రెండు పరీక్షలయ్యాయి.

ఇక్కడొక నైతిక ప్రశ్న ఉంది. బాకీ తక్కువ కనిపించేలా ముందే కట్టడం మోసమా? నెలంతా 15,000 వాడి, లెక్క పంపే రోజుకి మాత్రం 3,000 బాకీ చూపించడం ఒక రకమైన వేషమే కదా అని ఒక స్నేహితుడు అడిగాడు. దీనికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే నాకు మా ఊరు అడ్డమొచ్చింది.

మాది శింగనమల. అనంతపురం పక్కనే. ఊరికి పెద్ద చెరువుంది, కానీ చేలు ఎక్కువ మెట్ట. జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని చెబుతారు. ఆ సగటుని నమ్ముకుని ఎవరూ విత్తనం వేయలేరు, ఎందుకంటే వాన పడాల్సినప్పుడు పడదు. జూన్, జులైలలో శెనక్కాయ విత్తుతారు. ఆగస్టులో వాన మొహం చాటేస్తే ఊడలు దిగవు. సింగమనేని నారాయణ కథలు చదివినవాళ్లకి ఈ సేద్యం గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

ఈ సేద్యానికీ ఒక క్రెడిట్ కార్డు ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. పేరుకి తగ్గట్టే అదీ లిమిట్ ఉన్న కార్డే. ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఆ పంటకి ఎకరాకి ఎంత అప్పివ్వొచ్చు అన్న దాన్నిబట్టి లిమిట్ నిర్ణయిస్తారు. మూడు లక్షల దాకా పంట రుణానికి ఏడు శాతం వడ్డీ. ఏడాదిలోగా కట్టేస్తే కేంద్రం మూడు శాతం తగ్గిస్తుంది, అంటే నాలుగే పడుతుంది. కాగితం మీద ఇది చాలా మంచి అప్పు.

చిక్కంతా ‘ఏడాదిలోగా’ దగ్గరుంది. పంట పోయిన ఏడు రైతు ఎక్కడినుంచి కడతాడు? అప్పుడు రెన్యువల్ అనే తంతు మొదలవుతుంది. లక్ష రూపాయల రుణం, ఏడు వేల వడ్డీ అనుకుందాం. రైతు ఒక వడ్డీవ్యాపారి దగ్గర లక్షా ఏడు వేలు రెండు మూడు రోజులకి తీసుకుంటాడు. పొద్దున బ్యాంకులో కట్టేస్తాడు. పాత అప్పు తీరిపోతుంది. ఒకట్రెండు రోజుల్లో బ్యాంకు కొత్త అప్పు ఇస్తుంది. రైతు బ్యాంకు మెట్లు దిగేసరికి వ్యాపారి కిందే నిలబడి ఉంటాడు. డబ్బు ఆయన చేతికి, దాంతోపాటు వెయ్యో రెండు వేలో. మూడు రోజులకి రెండు వేలంటే ఏడాది లెక్కన 200 శాతం పైమాటే. అయినా రైతుకి గిట్టుబాటే, ఎందుకంటే గడువులోగా కట్టినందుకు వచ్చే మూడు వేల తగ్గింపు చేతికొస్తుంది, ఖాతా మొండిబాకీ కాకుండా ఉంటుంది. మా మామ ఒకాయన దీన్ని ‘అప్పుకి తద్దినం పెట్టడం’ అంటాడు. ఏటేటా పెట్టాల్సిందే.

నా కార్డు సంగతి విని ఆయన నవ్వినాడు. ‘ఏమప్పా, మేము ఏడాదికోసారి చేసేది మీరు నెలకి మూడుసార్లు చేస్తావుండారే’ అన్నాడు.

పైకి రెండూ ఒకటే. గడువు రోజున లెక్క శుభ్రంగా కనిపించాలి. కనిపిస్తే మళ్లీ డబ్బు వాడుకోవచ్చు. కానీ ఆలోచించేకొద్దీ ఈ రెండూ ఒకదానికొకటి తిరగేసి ఉన్నాయని అనిపించింది. కార్డు కుర్రాడి దగ్గర కట్టడానికి డబ్బుంది. అతను ప్రతిసారీ కడుతున్నాడు. అయినా లెక్కలో అతను ఇబ్బందిలో ఉన్నట్టు కనిపిస్తాడు. రైతు దగ్గర డబ్బు లేదు, పంట పోయింది. అయినా లెక్కలో అతను హాయిగా ఉన్నట్టు కనిపిస్తాడు. ఒకచోట ఆరోగ్యం జబ్బుగా నమోదవుతోంది, ఇంకోచోట జబ్బు ఆరోగ్యంగా నమోదవుతోంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

అబద్ధం అనాలంటే మోసపోయినవాడు ఒకడుండాలి. రెన్యువల్‌లో ఎవరు మోసపోయారు? రైతుకి తెలుసు, మేనేజరుకి తెలుసు, మెట్ల కింద నిలబడ్డ వ్యాపారికి తెలుసు, పైన లెక్కలు చూసే అధికారికీ తెలుసు. ఎవరూ మోసపోని చోట కూడా నిజం మాయమైపోవచ్చన్నది ఇక్కడ కనిపించే సంగతి. ఆ ఏడు వాన పడలేదన్న నిజం బ్యాంకు పుస్తకంలో ఎక్కడా ఉండదు. ‘కట్టాడు, మళ్లీ తీసుకున్నాడు’ అని మాత్రమే ఉంటుంది. కరువు రైతు ఒంటి మీద ఉంటుంది కానీ ఖాతాలో ఉండదు.

అందుకని నా స్నేహితుడి ప్రశ్నకి నా జవాబు ఇది. మన డబ్బుతో మనం ముందే కట్టడం మోసం కాదు. ఇంటికి చుట్టాలొస్తున్నారని వాకిలి ఊడ్చినంత సంగతి. తప్పేదైనా ఉంటే అది చుట్టం వాకిలి చూసి ఇంటివాళ్ల గుణం తేల్చేయడంలో ఉంది.

ప్లేటో ‘రిపబ్లిక్’ మొదటి భాగంలో సెఫలస్ అనే ముసలాయన వస్తాడు. న్యాయం అంటే ఏమిటన్న చర్చ ఆయన మాటలతోనే మొదలవుతుంది. నిజం చెప్పడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం: ఆయన మాటల్లోంచి సోక్రటీస్ తీసిన సారాంశం ఇది. వెంటనే సోక్రటీస్ అడ్డు ప్రశ్న వేస్తాడు. స్నేహితుడు బాగున్నప్పుడు ఆయుధం దాచమని ఇచ్చి, మతి చెడినప్పుడు తిరిగి అడిగితే ఇచ్చేయడం న్యాయమేనా అని. అందరూ గుర్తుపెట్టుకునేది ఈ అడ్డు ప్రశ్నని. నాకు మాత్రం అంతకుముందు సెఫలస్ అన్న మాట ముఖ్యమనిపిస్తుంది. ఆయన డబ్బున్నవాడు. డబ్బు వల్ల అన్నిటికన్నా పెద్ద ఉపయోగమేమిటని అడిగితే, ఎవరినీ మోసగించకుండా, దేవుడికో మనిషికో బాకీ పడకుండా పోవచ్చని చెబుతాడు. అంటే న్యాయంగా ఉండటానికి ఆస్తి సాయం చేస్తుందని ఆ పెద్దమనిషే ఒప్పుకున్నాడు. మన స్కోరు ఆ ఒప్పుకోలుని మర్చిపోయింది. సెఫలస్ చెప్పిన రెండింటిలో తిరిగి ఇవ్వడానికి స్కోరులో గడి ఉంది, నిజం చెప్పడానికి లేదు. ‘ఈ ఏడు వాన పడలేదు, వచ్చే ఏడు కడతా’ అని బ్యాంకుకి వెళ్లి నిజం చెప్పిన రైతుకి స్కోరు ఏ మార్కూ వేయదు.

అలాగని పాత రోజులే మేలు అని నేననను. షావుకారు లెక్కల పుస్తకంలో వాన ఉండేది, నిజమే. పంట పోయిందని ఆయనకి తెలుసు, అందుకే ఆగేవాడు. అయితే ఆ పుస్తకంలో వానతోపాటు కులమూ ఉండేది. ఎవరిని అరుగు మీద కూర్చోబెట్టి ఇవ్వాలి, ఎవరిని వాకిట్లో నిలబెట్టి లేదనాలి అన్నది మనిషి ముఖం చూసి తేలేది. శింగనమల ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడ చాలా ఇళ్లకి పరపతి అనే మాట రెండర్థాల్లోనూ అందలేదు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చినప్పుడు పల్లె సంఘాల్లో సభ్యుల బాధ్యతకి హద్దు లేకుండా పెట్టారు. ఒకరు కట్టకపోతే అందరూ బాధ్యులు, కాబట్టి ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉంటుందని ఆశ. మంచి ఆలోచనే. కానీ నీకు హామీ నిలబడటానికి నీ వీధి దాటి ఎవరూ రాకపోతే ఆ సంఘం నీది కాదు. ఆ రకంగా చూస్తే సిబిల్ స్కోరు నీ వీధి ఏదని అడగదు. 300కీ 900కీ మధ్య ఒక అంకె, అంతే. ముఖం చూడని కొలత కొందరికి అవమానం, ముఖం చూసి వెళ్లగొట్టబడిన వాళ్లకి అది మర్యాద. ఈ సంగతి మర్చిపోయి స్కోరుని తిట్టడం సులువు.

మరి ఇబ్బంది ఎక్కడ? ముఖం చూడకపోవడంలో లేదు. ముఖం చూడకుండానే గుణం తెలిసిపోయినట్టు మాట్లాడటంలో ఉంది. బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఇప్పుడు క్రెడిట్ చరిత్ర బాగుండాలన్న షరతు కనిపిస్తోంది. అనంతపురంలో రూమ్ తీసుకుని బ్యాంకు పరీక్షలకి కోచింగ్ తీసుకునే పిల్లల్లో మా పల్లెల వాళ్లు చాలామందే. వాళ్లలో ఒక అమ్మాయి ఇంజనీరింగ్‌కి విద్యారుణం తీసుకుంది అనుకోండి. ఉద్యోగం రాలేదు, నాన్నకి పంట రాలేదు, వాయిదాలు ఆగాయి. ఆ వాయిదాలు కట్టడానికే ఆమెకి ఉద్యోగం కావాలి. వాయిదాలు కట్టలేదు కాబట్టి ఉద్యోగానికి పనికిరాదనడం ఎలాంటి న్యాయం? డబ్బు చేతిలో పెట్టేముందు జాగ్రత్త పడటం బ్యాంకు హక్కు, దాన్ని కాదనలేం. అయితే కరువు మండలంలో కట్టలేకపోవడాన్నీ ఎగ్గొట్టడాన్నీ ఒకే గడిలో రాసే పుస్తకం చూసి మనిషిని తేల్చడం జాగ్రత్త కాదు, బద్ధకం.

పెద్దవాళ్ల బాకీల విషయంలో ఈ బద్ధకం ఎప్పుడూ కనిపించదు. మా జిల్లాల చరిత్రే సాక్ష్యం. రాయలసీమకి ఆ పేరు 1928లో పెట్టారు. అంతకుముందు దత్తమండలాలు అనేవారు. ఎవరు ఎవరికి ఎందుకు దత్తం చేశారు? ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తన దగ్గర ఉంచుకున్నందుకు నిజాం ఏటా ఖర్చు కట్టాలి. ఆ ఖర్చు కింద 1800లో ఈ సీమనే రాసిచ్చేశాడు. అంటే మేమంతా ఒకప్పుడు ఒక పెద్దమనిషి బిల్లులో జమ అయినవాళ్లం. దాన్ని ఎవరూ ఎగవేత అనలేదు, ఒప్పందం అన్నారు. అంత పరపతి ఉంటే అప్పుకి పేరే మారిపోతుంది.

ఇదంతా చదివి కార్డు బిల్లు కట్టకపోయినా ఫర్వాలేదని ఎవరైనా అనుకుంటే నేను చెప్పింది తప్పుగా చేరినట్టే. అంకె మన గుణాన్ని కొలవలేకపోవచ్చు, వడ్డీ మాత్రం జేబుని బాగానే కొలుస్తుంది. ఊళ్లో వడ్డీని ‘నూటికి రెండు రూపాయలు’, ‘మూడు రూపాయలు’ అని నెల లెక్కన చెబుతారు. మూడు రూపాయలంటే అమ్మో అంటారు. కార్డు వడ్డీ చాలాచోట్ల నెలకి మూడున్నర శాతం. ఊరి భాషలో చెప్తే మూడున్నర రూపాయల వడ్డీ. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఏడాదికి 30 శాతం దాటి వసూలు చేయడం అన్యాయమని చెప్పింది. ఆ తీర్పుని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై వేల బాకీ మీద మూడున్నర చొప్పున నెలకి 700 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 826. బిల్లులో ‘కనీసం కట్టవలసినది’ వెయ్యి అని ఉంటే, వెయ్యి కట్టాక అసలులో తగ్గేది 174 రూపాయలు. పైగా పూర్తిగా కట్టని నెల నుంచి కొత్తగా కొన్నవాటికి కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

వడ్డీ అసలుని మించకూడదన్న నియమం మన పాత ధర్మశాస్త్రాల్లో ఉంది. దామ్‌దుపట్ అంటారు. మా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1938లో వచ్చిన రైతు రుణ ఉపశమన చట్టం కూడా అసలుకి రెట్టింపు కట్టేసినవాడి బాకీ తీరిపోయినట్టే అంది. అంటే అప్పుకి ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలని ఆ కాలం అనుకుంది. ఇవాళ అప్పు తీసుకునేవాడికే లిమిట్, పెరిగే వడ్డీకి లేదు. లిమిట్ అనే మాట గురించి ఏదైనా కోపం రావాలంటే రావాల్సింది ఇక్కడ. మన కార్డు మీద ఇరవై వేలే ఉందని కాదు.

కాబట్టి చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. పూర్తి మొత్తం గడువులోగా కట్టగలిగినంతే వాడాలి. వీలైతే ముందే కట్టాలి, దానికి సిగ్గుపడక్కర్లేదు. కట్టలేని నెల వస్తే కనీస మొత్తం కట్టి ఊరుకోవడం కన్నా బ్యాంకుకి ఆ సంగతి చెప్పి వాయిదాల మీద తీర్చుకునే దారి అడగడం మేలు. సెఫలస్ చెప్పినదాంట్లో స్కోరు వదిలేసిన సగం అదే, దాన్ని మనమైనా పట్టుకోవాలి.

ఇంకొకటుంది. ఎవరైనా తమ లిమిట్ ఇరవై వేలని గొంతు తగ్గించి చెప్పినప్పుడు, ఎవరైనా బ్యాంకు మెట్ల మీద మూడు రోజుల అప్పు కోసం నిలబడినప్పుడు, వాళ్లని మనం ఏ మాటతో పిలుస్తున్నామో చూసుకోవాలి. అప్పులవాళ్లు అనడం తేలిక. వడ్డీ మీద వడ్డీ కట్టి, పంట పోయిన ఏడు కూడా మాట పోకుండా చూసుకున్న మనుషులు వాళ్లు. పరపతి అనే మాటకి రెండో అర్థం ఎవరికైనా చెల్లుతుందంటే, నాకు తెలిసినంతలో మొదట వాళ్లకే చెల్లాలి.